గారికీ గాడికీ మధ్య

ఓ ఆదివారం మధ్యాహ్నం మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర కారు బయటికి తీస్తున్నాను. ఒక డెలివరీ కుర్రాడు బైకు అడ్డంగా ఆపి ఫోన్లో అడ్రస్ వెతుక్కుంటున్నాడు. రెండుసార్లు హారన్ కొట్టినా కదల్లేదు. అద్దం దించి "మర్యాదగా చెప్తున్నా, బండి తియ్" అన్నాను. తీశాడు. తీసి, హెల్మెట్ లోంచి నా వైపు చూసి, "మర్యాదగ ఏడ చెప్తున్నవ్ సార్?" అని వెళ్ళిపోయాడు.

కోపం వచ్చింది. పావుగంట డ్రైవ్ చేశాక కూడా పోలేదు. నేనేం తప్పు మాట అన్నాను? బూతు తిట్టలేదు, దురుసుగా అరవలేదు. సాయంత్రానికి కోపం తగ్గింది గానీ ఆ ప్రశ్న మాత్రం ఉండిపోయింది. నిజమే కదా, మర్యాదగా చెప్పడం అంటే మనం బెదిరించడం అనే అర్థంలో ఎప్పట్నుంచి వాడుతున్నాం? "మర్యాదగా ఇచ్చెయ్", "మర్యాదగా లోపలికి పద", "మర్యాద దక్కదు". ఈ మాట పెళ్ళి పందిట్లో వినపడితే ఒక అర్థం, రోడ్డు మీద వినపడితే ఇంకో అర్థం. పెళ్ళివారికి మర్యాదలు చేస్తాం. రోడ్డు మీద మర్యాదగా చెప్తాం.

నేను భాషాశాస్త్రం చదువుకోలేదు. ఇంజనీరింగ్ చేసి కోడ్ రాసుకుని బతికేవాణ్ణి. ఏదైనా సరిగ్గా పని చేయకపోతే డెఫినిషన్ దగ్గరికి వెళ్ళడం మాత్రం అలవాటు. మర్యాద అనే సంస్కృత పదానికి మొదటి అర్థం హద్దు. పొలానికి హద్దు, సముద్రానికి తీరం. రాముణ్ణి మర్యాదా పురుషోత్తముడు అనేది అందరికీ నమస్కారాలు పెట్టినందుకు కాదు, గీత దాటనందుకు. నాగరికంగా మాట్లాడటం, ఎదుటివాణ్ణి గౌరవించడం అనే అర్థాలు ఆ హద్దు మీద మొలిచినవే. అలా చూస్తే నేను గేటు దగ్గర అన్నమాటలో తేడా ఏమీ లేదు. నీ హద్దులో నువ్వుండు అని చెప్పాను. ఆ కుర్రాడు అడిగింది రెండో అర్థం గురించి. ఇద్దరం ఒకే పదాన్ని రెండు వైపుల నుంచి పట్టుకున్నాం.

అమర్యాదకి మనకున్న మాటలు చూడండి. పొగరు, బలుపు, కొవ్వు, మదం, ఒళ్ళు తెలీకపోవడం. ఇందులో సగం తిండికి సంబంధించినవే. ఒంటికి కాస్త కండ పట్టింది కాబట్టి మాట మారింది అని వాటి లోపలి లెక్క. డబ్బున్నవాణ్ణి కూడా వెనకాల "కొవ్వు" అంటాం, నిజమే. కానీ మొహం మీద ఆ మాట పడేది ఎక్కువగా ఎవరికి? ఉండాల్సిన దానికంటే కొంచెం ఎక్కువ తిన్నట్టు కనిపించినవాడికి.

*

తెలుగులో మర్యాద ప్రధానంగా వ్యాకరణంలో ఉంటుంది. ఇంగ్లీషువాళ్ళలా ప్లీజులూ థాంక్యూలూ మనకి పెద్దగా లేవు. ఉన్నదల్లా నువ్వు, మీరు. వాడు, అతను, ఆయన, వారు. ఒక మనిషిని గౌరవించాలంటే మనం చేసే పని అతన్ని బహువచనం చేయడం. "నాన్నగారు వచ్చారు" అన్నప్పుడు వచ్చింది ఒక్కరే.

ఇది మొదట్నుంచీ ఉన్న పద్ధతి కాదు. నన్నయ భారతంలో రాజుతో మాట్లాడేవాళ్ళు కూడా "నీవు" అనే అంటారు. అందులో తక్కువ చేయడం ఏమీ లేదు, ఒక్కడు కాబట్టి ఒక్కడు. ఒక్కణ్ణి పదిమందిగా లెక్కపెట్టడం మన మాటల్లో తర్వాత స్థిరపడిన సంగతి. స్థిరపడ్డాక, బహువచనం దక్కనివాడికి మిగిలిన "నువ్వు" మునుపటి "నీవు" కాకుండా పోయింది. పక్కనే "మీరు" ఉంది కాబట్టి "నువ్వు" కిందకి దిగింది.

ఆడవాళ్ళ విషయంలో ఇది ఇంకా విచిత్రం. బస్సు వచ్చింది. గేదె వచ్చింది. పనమ్మాయి వచ్చింది. మూడిటికీ క్రియ ఒకటే. "వాడు వచ్చాడు" అని మగవాణ్ణి ఎంత చులకనగా అన్నా వ్యాకరణం అతన్ని మనిషి గానే చూస్తుంది. స్త్రీ ఏకవచనంలో ఉన్నంతసేపూ బస్సుతోనూ గేదెతోనూ కలిసి ఉంటుంది. బహువచనంలోకి వస్తేనే దారులు వేరవుతాయి: గేదెలు వచ్చాయి, ఆడవాళ్ళు వచ్చారు. అంటే ఒక్క స్త్రీకి "ఆవిడ వచ్చారు" అనే మర్యాద పైపై అలంకారం కాదు. తెలుగు క్రియ ఆమెని మనుషుల్లో లెక్కేసే దారి అదొక్కటే. ఇంటిపనికి వచ్చే మనిషిని "వచ్చిందా?" అని రోజూ అడిగే నేను ఈ సంగతి ముప్పై ఏళ్ళు దాటాక గానీ గమనించలేదు.

ఇక్కడొక మాట ఒప్పుకోవాలి. "నువ్వు" అన్న ప్రతిచోటా అవమానం లేదు. నేను గుంటూరు వైపు నుంచి హైదరాబాద్ వచ్చి ఇంజనీరింగ్‌లో చేరినప్పుడు హాస్టల్లో నా రూమ్మేటుది కరీంనగర్ దగ్గర పల్లెటూరు. వాళ్ళ నాన్న ఫోన్ చేస్తే "నువ్వు తిన్నవా నాయినా?" అనేవాడు. మా ఇంట్లో నాన్నని "మీరు" అంటాం. వీడికి మర్యాద తెలీదనుకున్నాను. పైకి కూడా అన్నాను, నవ్వుతూ. అతను వాళ్ళ నాన్నతో రోజూ అరగంట మాట్లాడేవాడు. నేను మా నాన్నతో వారానికి రెండు నిమిషాలు, అదీ "మీరు"తో. తెలంగాణ మాటని మొరటుతనం అని ఎగతాళి చేసి, సినిమాల్లో రౌడీలకీ కమెడియన్లకీ అంటగట్టిన కాలం మధ్యలోనే మేం పెరిగాం. ఒక ప్రాంతం అలవాటుని మర్యాదనీ, పక్క ప్రాంతం అలవాటుని మోటుతనమనీ అనడం కూడా హద్దులు గీయడమే. కాబట్టి "నువ్వు" దోషం కాదు. దాన్ని ఎదుటివాడు తిరిగి అనగలడా లేదా అన్నది అసలు పరీక్ష. రూమ్మేటుని వాళ్ళ నాన్న కూడా "నువ్వు" అనేవాడు. గేటు దగ్గర నేను "తియ్" అంటే ఆ కుర్రాడు "చెప్తున్నవ్" అని నా ఏకవచనాన్ని నాకే తిరిగిచ్చాడు. నాకు కోపం వచ్చింది అందుకే. సార్ అని కూడా అన్నాడన్న సంగతి నా చెవికి ఎక్కలేదు.

*

మా తాతయ్య రాసిన పద్దు పుస్తకాలు నాలుగు మా ఇంట్లో ఉన్నాయి. 1970ల నాటివి. కోతలు, నూర్పిళ్ళు, వడ్డీలు, కూలీలు అన్నీ ఆయన చేత్తో రాసుకున్నవి. కాగితం పొడిగా రాలిపోతోందని పోయినేడాది ఫోటోలు తీసి ఎక్సెల్‌లో ఎక్కించడం మొదలుపెట్టాను. మొదటి కాలమ్ పేరు, రెండోది ఎందుకు, మూడోది ఎంత.

పేర్ల దగ్గరే ఇబ్బంది వచ్చింది. ప్రతి పేరు చివరా "గారికి" అనో "గాడికి" అనో ఉంది. తాతయ్య గొలుసుకట్టు రాతలో రకారం, డకారం దాదాపు ఒకలాగే ఉంటాయి. ఒక్క అక్షరం తేడా, అదీ కనపడదు. కాసేపు పెద్దది చేసి చూశాను. తర్వాత అవసరం లేకుండా పోయింది. రెండో కాలమ్ చూస్తే చాలు. ఎదురుగా వడ్డీ అనో విత్తనాల బాకీ అనో ఉంటే గారు. కూలి అని ఉంటే గాడు. మూడు పుస్తకాలు ఎక్కించేదాకా ఈ సూత్రం ఒక్కసారి కూడా తప్పలేదు. వయసుతో నిమిత్తం లేదు. తాతయ్య కంటే పెద్దవాడైన పాలేరు గాడు. తాతయ్య దగ్గర అప్పు తీసుకున్న పాతికేళ్ళ కుర్రాడు గారు.

ఆడకూలీలకి ఆ గొడవే లేదు. "ఆడవాళ్ళు 9" అని ఉంటుంది, పక్కన మొత్తం. విడిగా రాయాల్సి వస్తే ఫలానా వాడి పెళ్ళాం.

తాతయ్య చెడ్డవాడు కాదు అని రాయాలనిపిస్తోంది. మనవడిగా అది నిజం కూడా. ఆయన నన్ను ఎప్పుడూ "ఏరా" అని కూడా అనేవాడు కాదు, "ఏం నాన్నా" అనేవాడు. ఊళ్ళో మర్యాదస్తుడని పేరు. ఇక్కడే నాకు చిక్కుముడి పడింది. ఆ పుస్తకాల్లో ఉన్నది మర్యాద లేకపోవడం కాదు. అది చాలా జాగ్రత్తగా, ఒక్క తప్పు లేకుండా పాటించిన మర్యాద. ఎవరి హద్దులో వాళ్ళు.

ఆ పాలేరు పేరు ఇక్కడ రాయను, ఆయన మనవలు ఉన్నారు. పుస్తకంలో ఉన్నది ముద్దుపేరో పిలుపో తెలీక అమ్మని అడిగితే "అసలు పేరేంటో ఎవరికి తెలుసు, అందరూ అలాగే పిలిచేవాళ్ళం" అంది. ఊళ్ళోవాళ్ళ ద్వారా దొరికిన పాత ఓటర్ల జాబితాలో చూశాను. అక్కడ ఆయన పూర్తి పేరు ఉంది, చివర అయ్యతో సహా. అదే వరసలో తాతయ్య పేరు ఉంది. ఇద్దరికీ గారు లేదు, గాడు లేదు. నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు. అంత పొడి కాగితంలో అంత మర్యాద నేనెప్పుడూ చూడలేదు.

ఆ కాగితం కూడా తేలిగ్గా పుట్టలేదు. 1951-52లో మొదటి సార్వత్రిక ఎన్నికల జాబితాలు తయారైనప్పుడు, ముఖ్యంగా బీహారు, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్ లాంటి చోట్ల చాలామంది స్త్రీలు తమ పేరు చెప్పలేదు. ఫలానా వాడి భార్య, ఫలానా వాడి తల్లి అని రాయించుకున్నారు. పరాయివాడికి పేరు చెప్పకపోవడం వాళ్ళకి నేర్పిన మర్యాద. ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ సొంత పేరు లేకుండా జాబితాలో చోటు లేదన్నాడు. దాదాపు 28 లక్షల మంది పేర్లు పోయాయి. మర్యాద పాటించినందుకు ఓటు పోయిందన్నమాట.

*

పేరు కోసం, పిలుపు కోసం మనుషులు కొట్లాడిన చరిత్ర మనకుంది. దాన్ని సాధారణంగా మర్యాదల చరిత్రగా చదవం.

1917 నవంబరులో బెజవాడలో ప్రథమాంధ్ర దేశ పంచమ మహాజన సభ జరిగింది. అధ్యక్షుడు భాగ్యరెడ్డి వర్మ, హైదరాబాద్ వాడు, అప్పటికి ముప్పై ఏళ్ళు నిండలేదు. మాదరి భాగయ్యగా పుట్టి, పేరు మార్చుకున్న మనిషి. సభ పెట్టినవాళ్ళు వేసుకున్న పేరునే ఆయన మొదట ప్రశ్నించాడు. పంచములు అనే మాట పురాణాల్లో ఎక్కడా లేదు, మనం ఈ నేల మీద మొదట్నుంచీ ఉన్నవాళ్ళం అన్నాడు. ఆ సభ అక్కడికక్కడే ఆది ఆంధ్ర మహాజన సభగా మారింది. అయిదేళ్ళకి, 1922లో, మద్రాసు ప్రభుత్వం కూడా రికార్డుల్లో పాత మాటలు తీసి ఆది ద్రావిడ, ఆది ఆంధ్ర అని రాయడానికి ఒప్పుకుంది.

అదే 1917లో, మార్చి నెలలో, ఇంకో నగరంలో ఇలాంటిదే జరిగింది. రష్యన్లో కూడా మనలాగే నువ్వు, మీరు ఉన్నాయి. రష్యన్ నవలలు తెలుగులో చదువుకున్నవాళ్ళకి పాత్రలు "మీరు" నుంచి "నువ్వు"లోకి జారే చోటు తెలుస్తుంది, ఇంగ్లీషులో చదివితే అది పోతుంది. జారు దిగిపోతున్న రోజుల్లో పెట్రోగ్రాడ్ సోవియట్ సైన్యానికి ఇచ్చిన మొదటి ఉత్తర్వులో ఒక అంశం: సైనికులతో మొరటుగా ప్రవర్తించకూడదు, వాళ్ళని "నువ్వు" అనకూడదు. తుపాకులు ఎవరి అధీనంలో ఉండాలో చెప్పిన కాగితంలోనే సర్వనామం గురించి కూడా రాశారు. అంతకు ముందు 1912లో సైబీరియాలో లేనా బంగారు గనుల కార్మికులు కుళ్ళిన మాంసం మీద మొదలుపెట్టిన సమ్మెలో కోరికల జాబితా తయారుచేశారు. ఎనిమిది గంటల పని. ముప్పై శాతం కూలి పెంపు. అధికారులు తమని "మీరు" అనాలి. ఏప్రిల్‌లో సైన్యం కాల్చింది. వంద మందికి పైగా చనిపోయారు.

మొదటిసారి ఆ జాబితా గురించి చదివినప్పుడు ఆ మూడో కోరిక కొంచెం వింతగా అనిపించింది. గడ్డకట్టే చలిలో, కుళ్ళిన మాంసం తింటూ, సర్వనామం అడుగుతారా? తాతయ్య పుస్తకాలు చూశాక వింతగా లేదు. కూలికీ పిలుపుకీ ఎంత దగ్గరి లెక్కో నా ఎక్సెల్ షీటే చెప్పింది.

*

మా ఊరికి చుండూరు దూరం కాదు. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిది మంది దళితుల్ని చంపేశారు. చదువుకున్నవాళ్ళు, రైల్వే ఉద్యోగాలు ఉన్నవాళ్ళు ఉన్న పల్లె అది. నాకప్పుడు మూడేళ్ళు. నేను పెరుగుతున్నప్పుడు మా ఇళ్ళలో దాన్ని "ఆ గొడవ" అనేవాళ్ళు. అది ఎలా మొదలైందని అడిగితే పెద్దవాళ్ళు చెప్పే వాక్యం ఒకటే ఉండేది: "సినిమా హాల్లో మర్యాద లేకుండా కాలు తగిలించాడంట." నిజంగానే మొదటి తగువు అదే. సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు ఒక అగ్రకుల యువకుడికి తగిలింది. ఆ తర్వాత పనుల్లోకి పిలవడం మానేశారు. ఆ తర్వాత ఆగస్టు 6. అంతకు ఆరేళ్ళ ముందు, 1985 జూలైలో, కారంచేడులో మంచినీళ్ళ చెరువు దగ్గర గేదెల్ని కడగొద్దని అడగడంతో మొదలై ఆరుగురు దళితుల హత్య దాకా వెళ్ళింది. అక్కడ కాలు కూడా తగల్లేదు, అడగడమే అమర్యాద అయింది.

చుండూరు కేసులో 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులుగా వదిలేసింది.

చిన్నప్పుడు ఆ వాక్యం విన్నప్పుడు నాకు అర్థమైంది కాలు తగిలించడం తప్పు అని. సారీ చెప్పాల్సింది అని. మేం అలాగే పెరిగాం. సినిమా హాల్లో నా కాలు ఎన్నిసార్లు ఎవరికి తగిలిందో నాకు గుర్తు లేదు, గుర్తుంచుకోవాల్సిన పని పడలేదు. అదే తేడా. పై నుంచి కిందకి జరిగే మొరటుతనం రోజూ జరుగుతుంది కాబట్టి దానికి పేరు ఉండదు. కింద నుంచి పైకి ఒక్కసారి జరిగితే దానికి పేరు, తేదీ, సాక్షులు అన్నీ ఉంటాయి.

1989లో వచ్చిన అత్యాచారాల నిరోధక చట్టం ఆ రోజువారీ దానికి మొదటిసారి గట్టిగా ఒక పేరు పెట్టింది. పదిమందిలో అవమానించే ఉద్దేశంతో దూషించడం నేరం అంది. మా వైపు పెద్దమనుషులు ఈ చట్టం మీద చేసే ఫిర్యాదు ఒకటుంది: "ఇప్పుడు మాట అనాలంటే భయమేస్తోంది." ఆ భయం వాళ్ళ దగ్గర కొత్తది. ఆ పాలేరుకి జీవితమంతా ఉన్నది అదే కదా.

*

ఇప్పటి సంగతి వేరు అనుకోవచ్చు. మా ఆఫీసులో సీఈఓని కూడా పేరు పెట్టి పిలుస్తాం. ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడు నువ్వూ మీరూ లేవు, హాయి. మీటింగ్ అయ్యాక లిఫ్టులో హౌస్‌కీపింగ్ మనిషితో తెలుగులోకి దిగుతాం, దిగగానే "అక్కడ తడి ఉంది చూడు" అంటాం. భాష మారితే మనిషి మారతాడు అనడానికి ఒక్క అంతస్తు చాలు.

ఇంకోవైపు కొత్త మర్యాద ఒకటి వచ్చింది. గేటు దగ్గరి కుర్రాణ్ణి యాప్ "డెలివరీ పార్ట్‌నర్" అంటుంది. "మీ పార్ట్‌నర్ దారిలో ఉన్నారు" అని బహువచనంలో మెసేజ్ పంపుతుంది. నేను ఇన్ని పేజీలుగా అడుగుతున్న "మీరు" యాప్ ఎప్పుడో ఇచ్చేసింది. పీఎఫ్ ఇవ్వలేదు. ఎండలో నిలబడటానికి నీడ ఇవ్వలేదు. వెనక్కి వెళ్ళి చూస్తే లేనా కార్మికులు రెండూ ఒకే కాగితం మీద రాసింది అందుకే అనిపిస్తుంది. ఒకటి ఇచ్చి రెండోది ఎగ్గొడతారని వాళ్ళకి తెలుసు.

ఇంకోటి కూడా గమనించాను. ఈ వ్యాసం మొదట్నుంచీ అతన్ని "కుర్రాడు" అనీ, అతను అడిగాడు, అన్నాడు అనీ రాస్తున్నాను. హెల్మెట్ లోంచి కళ్ళు మాత్రమే కనపడ్డాయి. నాకంటే పెద్దవారేమో. దిద్దకుండా అలాగే ఉంచుతున్నాను, నా రాతలో ఏది గారో ఏది గాడో తర్వాత చూసేవాళ్ళకి తెలియాలి కదా.

పోయిన వారం నాలుగో పుస్తకం ఎక్కించడం పూర్తి చేశాను. పాలేరు పేరు ఓటర్ల జాబితాలో ఉన్నట్టే పూర్తిగా టైప్ చేసి, పక్కన గారు అని పెట్టాను. ఒక ఫార్ములాతో ఆయన పేరు వచ్చిన ప్రతి వరసలోనూ అది మారిపోయింది. రెండు క్షణాలు పట్టింది. మూడో కాలమ్‌లో కూలి మాత్రం రోజుకి మూడు రూపాయలే ఉంది. దానికి ఫార్ములా లేదు.